తీతువు నమ్మని కొమ్మ

ఒకప్పుడు తీతువు పిట్ట కూడా అన్ని పిట్టల్లాగే కొమ్మ మీద కూర్చునేది. అంతేకాదు, అప్పట్లో దానికి నోరు కూడా తక్కువే. పిలిస్తే పలికేది, లేకపోతే తన పని తను చూసుకునేది. ఇప్పటి తీతువును చూసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి, కథ వినండి.

పిట్ట మంచిదే కానీ వట్టి బద్ధకస్తురాలు. గూడు అల్లడం దానికి చేతకాదు. అడవి మధ్య గడ్డిమైదానంలో నాలుగు రాళ్ళు పక్కకు నెట్టి, ఆ గుంటలోనే గుడ్లు పెట్టేది. అక్కడేమో దుప్పుల మంద మేస్తుంది. గిట్టల కింద పడితే గుడ్లేం మిగులుతాయి? అందుకని తీతువు దుప్పులతో ఒక ఒప్పందం చేసుకుంది. పిట్ట కొమ్మ మీద కూర్చుని, వేటగాడు వస్తే చెప్పాలి. దుప్పులు గుడ్లను తొక్కకుండా పక్కనుంచి నడవాలి.

ఆ కాపలా పెద్ద కష్టమేం కాదు. కొండకింద గూడెంలో ఈదన్న అనే వేటగాడు ఉండేవాడు. అతనిది వెదురు విల్లు. వానకు ఉబ్బకుండా, ఎండకు పగలకుండా, రోజూ పొద్దున్నే దానికి ఇప్పనూనె పట్టించేవాడు. వాళ్ళ తాత అలాగే చేసేవాడట. నూనె తాగీ తాగీ ఆ విల్లు తళతళలాడేది. ఈదన్న పొదలో ఎంత నక్కినా, ఎండ పడగానే విల్లు మెరిసేది. తీతువు ఒక్కసారి "టిటీ!" అనేది. అంతే, మంద మాయం.

ఈదన్న రోజూ వట్టి చేతులతో ఇంటికి పోయేవాడు. "నేను బయలుదేరిన సంగతి అడవికి ఎవరో మోస్తున్నారు" అని అతనికి అనుమానం పట్టుకుంది. కుక్కను అనుమానించి గుంజకు కట్టేసి పోయాడు. కోడిపుంజును అనుమానించి బుట్ట కింద మూసిపెట్టి పోయాడు. అయినా వేట దొరకలేదు. చివరికి పెళ్ళాం బయ్యమ్మ మీద పడ్డాడు.

"ఏమే, నీళ్ళకు పోయినప్పుడు ఎవరితో ఏం మాట్లాడుతున్నావే?"

బయ్యమ్మకు ఒళ్ళు మండింది. "విల్లును అద్దంలాగా రుద్దుకుని పోయేది నువ్వు! మధ్యలో నన్నంటావేం? ఏటి అవతలున్నా ముందు నీ విల్లే కనబడుతుంది నాకు. ఆ తర్వాతే నువ్వు!"

ఈదన్న విల్లును ఎండలోకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆ సాయంత్రమే నూనె తుడిచేశాడు. మరి నూనె లేకపోతే విల్లు వానకు పాడైపోదూ? అందుకని పుట్ట దగ్గర దొరికిన జెర్రిపోతు కుబుసాన్ని తడిపి, చెట్టుబంకతో విల్లు పొడుగునా అంటించాడు. ఇక నీటిచుక్క లోపలికి దిగదు. బయ్యమ్మ బూడిదలో ఆకుపసరు కలిపి, దాని మీద మచ్చలు మచ్చలుగా పులిమింది. రెండు కొసలకూ ఎండుగడ్డి కట్టింది. గోడకు ఆనిస్తే ఆ విల్లు అచ్చం విరిగిపడిన ఎండుకొమ్మలా ఉంది.

"చూసి పెట్టుకో, పొయ్యిలో పెట్టేస్తానేమో" అంది బయ్యమ్మ.

ఈ సంగతులేవీ పాపం తీతువుకు తెలియవు. మర్నాడు కొమ్మ మీద కూర్చుని నాలుగు దిక్కులా చూసింది. ఎక్కడా మెరుపు లేదు. "ఈరోజు ఈదన్న రాలేదులే" అనుకుంది. అంతలోనే రివ్వున బాణం వచ్చింది. మందలో ఒక దుప్పి కూలిపోయింది.

మందకు పెద్ద ఒక ముసలి దుప్పి. అది రొప్పుతూ పిట్ట ఉన్న చెట్టు కిందికి వచ్చింది.

"చూడలేదా? చూసి ఊరుకున్నావా?"

"చూడలేదు దుప్పక్కా! విల్లు మెరవలేదు. నా గుడ్ల మీద ఒట్టు!"

"నిన్నటిదాకా మెరిసిన విల్లు ఇవాళ మెరవడం మానేసిందా? వేటగాడు నీకేం పెట్టాడే? గింజలా, పురుగులా?"

వెనకాల దుప్పులన్నీ గుసగుసలాడుకున్నాయి. ముసలి దుప్పి చెవులు రిక్కించి అంది. "రేపు కూడా ఇలాగే జరిగిందో, ఇక మేం కింద చూసుకుని నడవం. గుడ్లు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి."

తీతువుకు ఏడుపొచ్చింది. చేయని తప్పుకు మాట పడ్డానన్న బాధ ఒకటి, గుంటలో గుడ్లు ఏమవుతాయోనన్న భయం ఒకటి. ఎవరో మోసం చేశారు. ఎవరు?

నేరుగా ఊసరవెల్లి దగ్గరికి పోయింది. "బావా, వేటగాడికి నీ రంగు గానీ ఇచ్చావా?"

ఊసరవెల్లి ఒక కన్ను పిట్ట వైపు, ఇంకో కన్ను ఈగ వైపు తిప్పింది. "నా రంగు నా ఒంటికే చాలదు. పోయి ఆ జెర్రిపోతును అడుగు. నాకు మొదటినుంచీ వాడి మీదే అనుమానం."

తీతువు పుట్ట దగ్గరికి పోయింది. "మామా, వేటగాడికి ఏమైనా ఇచ్చావా?"

"నేనెవరికీ ఏమీ ఇవ్వలేదు. నేను విడిచిన కుబుసమే ఎవరో ఎత్తుకుపోయారు" అని బుస్సుమంది జెర్రిపోతు. "నీ గూట్లో పరుచుకుందామని నువ్వే తీసుకుపోయావేమో!"

"నాకు గూడే లేదు కదా మామా!"

"అవును కదూ. అయితే ఆ నక్క పనే అయి ఉంటుంది."

అనుమానం పెనుభూతం అంటారు. ఆ రోజు అడవంతా ఆ భూతమే తిరిగింది. ఒకరి పక్కన ఒకరు నీళ్ళు తాగలేదు. తీతువుకు మాత్రం ఏమీ అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. పైకొమ్మ వద్దు, గుడ్లకు దగ్గరగా కూర్చుందామనుకుంది. గుంటకు ఎదురుగా తంగేడు పొద ఉంది. పొదలోంచి ఒక ఎండుకొమ్మ పైకి పొడుచుకొచ్చింది. కొసన కాస్త ఎండుగడ్డి చిక్కుకుని ఉంది. భలే చోటు దొరికిందని పిట్ట దాని మీద వాలింది.

పిట్ట నిమ్మళంగా కూర్చోవడం చూసి, ఈరోజు భయం లేదనుకున్నాయి దుప్పులు. మేసుకుంటూ మేసుకుంటూ దగ్గరికి వచ్చాయి. అందరికంటే ముందు ముసలి దుప్పి ఉంది.

తీతువు మెరుపు కోసం వెతుకుతూనే ఉంది. కాలి కింద ఏదో తేడాగా తగిలింది. బెరడులా లేదు. పొలుసులు! "కొమ్మకు పొలుసులెక్కడివి?" అనుకుంది.

అంతలో కొమ్మ కదిలింది. గాలి లేదు, తంగేడు ఆకు ఒక్కటీ ఊగలేదు. ఆ కొమ్మ మాత్రం మెల్లగా వంగుతోంది. పిట్ట కిందికి చూసింది. ఆకుల మధ్య రెండు కళ్ళు! ఈదన్న ఊపిరి బిగబట్టి అల్లెతాడును చెవిదాకా లాగుతున్నాడు. తను కూర్చున్నది కొమ్మ మీద కాదు, విల్లు మీద!

"టిటీ! టిటీ! టిటిటీ!"

పుట్టి బుద్ధెరిగాక తీతువు అలా అరవలేదు. ఈదన్న ఉలిక్కిపడ్డాడు. బాణం పక్కకు పోయి మట్టిలో దిగింది. మందంతా బెదిరి పరుగెత్తింది. ఎటు? సరిగ్గా గుడ్లున్న గుంట మీదికే!

తీతువు కళ్ళు మూసుకుంది. గిట్టల చప్పుడు మీదికి వచ్చింది, దాటిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే గుడ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ప్రాణభయంలో కూడా ముసలి దుప్పి గుంట దగ్గర పక్కకు తిరిగింది. దాని వెనకే మందంతా తిరిగింది.

సాయంత్రం ముసలి దుప్పి తలవంచుకుని వచ్చింది. "నిన్ను అనుమానించాను తల్లీ. తప్పు నాదే."

"తప్పేం కాదు దుప్పక్కా. నేనే ఆ కొమ్మను అనుమానించకుండా వాలాను" అంది తీతువు. ఆ మాట అంటూనే ఎప్పుడూ కూర్చునే చెట్టు మీదికి ఎగిరింది. కొమ్మ దాకా పోయింది. కాళ్ళు ఆనించబోయి, ఆ పొలుసులు గుర్తొచ్చి నేల మీదికి వచ్చేసింది.

అప్పటినుంచే తీతువు పిట్ట ఏ కొమ్మ మీదా వాలదు. నేల మీదే తిరుగుతుంది, నేల మీదే నిలబడుతుంది. మనిషి వచ్చినా, మేక వచ్చినా, గాలికి పుల్ల దొర్లినా, టిటీ టిటీ అని అడవంతా లేపుతుంది. చేతిలో ఏమీ లేకుండా మీరు పొలం గట్టున పోయినా సరే, మిమ్మల్నీ నమ్మదు.