మోచేతి గంగమ్మ చెలమ

సముద్రానికీ ఉప్పుటేరుకూ నడుమ, సన్నని ఇసుక తిప్ప మీద మొగలి పొదల మధ్య కొలువైన తల్లి మోచేతి గంగమ్మ. గుడికి కప్పు లేదు. అమ్మవారి కుడిచెయ్యి మోచేతిదాకా ఇసుకలోనే ఉంటుంది. ఇరుపక్కలా ఉప్పునీరే అయినా, అమ్మ పాదాల దగ్గర తవ్విన చెలమలో తియ్యని నీరు ఊరుతుంది.

పూర్వం ఇక్కడ సూరాడ గురవమ్మ అనే గంగపుత్రుల ఇంటి ఇల్లాలు ఉండేది. చెలమ తీయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఒకప్పుడు వరసగా మూడేళ్ళు వానలు ముఖం చాటేశాయి. చెలమలో రోజుకు నాలుగు కడవల నీరు కూడా ఊరడం లేదు. ఇంట్లో చూస్తే కోడలు పైడితల్లి పచ్చి బాలింత. తాగడానికి నీళ్ళు చాలక పాలు పడలేదు, పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. గురవమ్మ ఇక ఆగలేక తెడ్డు పట్టి నిలువు లోతు తవ్వేసింది. నీరు ఉబికి వచ్చింది. పల్లె ఆమెను ఆకాశానికెత్తింది. పొద్దువాలేసరికి ఆ నీరు కాస్తా ఉప్పు కషాయమయింది.

కులపెద్ద ఆదెయ్య వచ్చి, "పురిటి మైలతో నీ కోడలు సెలమ తొక్కీసినట్టుంది. తల్లినీ బిడ్డనీ ఏరు దాటించీండి" అన్నాడు. ఇసుకలో పైన తీపినీరు, లోతుకు పోతే ఉప్పునీరు అని గురవమ్మకు తెలియనిది కాదు. అయినా పేరు పోతుందని తప్పు ఒప్పుకోలేదు. పైడితల్లి అత్త ముఖం కేసి ఒక్కసారి చూసి, బిడ్డనెత్తుకుని అవతలి గట్టున తాటాకు పాకకు వెళ్ళిపోయింది. ఎంత పాపిష్టి మౌనం అది!

మర్నాడు మిట్టమధ్యాహ్నం చెలమ పక్కన గురవమ్మకు కునుకు పట్టింది. కలలో గంగమ్మ కనబడి, "మోచేతిదాకా నా ఇల్లు. ఆ కింద నా పెనిమిటి సముద్రుడి ఇల్లు. గడప దాటినది నీవా, ఆ బాలింతా? నీ చేత్తోనే పూడ్చు, నీ నోటితోనే చెప్పు" అని ఆనతిచ్చింది.

గురవమ్మ దిగ్గున లేచి, పల్లెవారందరి ఎదుటా గోతిలోకి ఇసుక తోస్తూ, "లోతు తవ్వీసింది నానే. నా కోడలి తప్పేటీ నేదు" అని భోరుమంది. గొయ్యి పూడగానే ఏరు దాటి వెళ్ళి పైడితల్లి చేతులు పట్టుకుంది. "నీకు తెలుసునని నాకు తెల్సు అత్తా. ముందు బిడ్డ సంగతి సూడు" అంది ఆ పిల్ల. గురవమ్మ ఆమెను వెంటబెట్టుకుని వచ్చి, తిప్ప మీద మరొక చోట వట్టి చేత్తో తవ్వింది. సరిగ్గా మోచెయ్యి మునిగేసరికి వేళ్ళకు చల్లని నీరు తగిలింది. మొదటి చిప్పెడు కోడలే తాగింది. బిడ్డ బతికి బట్టకట్టింది. ఇసుకలో చెయ్యి ముంచిన అమ్మను పల్లెవారు రాతిలో మలిపించి ఆ చోటనే నిలిపారు.

నేటికీ ఈ క్షేత్రంలో పురిటి మైల లేదు. పురుడైన పదకొండో నాడు అత్తగారే వట్టి చేత్తో చెలమ తీసి, కోడలికి కొబ్బరి చిప్పతో నీళ్ళు తాగిస్తుంది. అమ్మవారి అభిషేకం ఆ తరువాతే. అలా చేసిన ఇంట పాలకూ నీళ్ళకూ కొదవ ఉండదని భక్తుల నమ్మకం. చెలమ పూడ్చేటప్పుడు అత్తగారు తన తప్పు ఒకటి కోడలికి వినబడేలా చెప్పాలి. చెప్పడానికేమీ లేదని తిరిగి వెళ్ళిన అత్తగారు ఇంతవరకు ఒక్కరూ లేరు.