రెండు పిలుపులు

అనగనగా, అనగనగా, గోదారి కాలవ నీళ్ళు చిట్టచివర చేరే చోట ఒక ఊరుండేది. ఊఁ కొడుతూ ఉండు తల్లీ, లేకపోతే పడుకున్నావనుకుని ఆపేస్తాను.

ఆ ఊళ్ళో తాతబ్బాయని ఒక లస్కరు ఉండేవాడు. లస్కరంటే కాలవ నీళ్ళకి కాపలా మనిషి. పేరు తాతబ్బాయే గానీ అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఊరు మొత్తం మీద సైకిలున్నది అతనొక్కడికే. పగలంతా ఎగువ ఊళ్ళ రైతులు నీళ్ళు వాడేసుకునేవాళ్ళు. అందుకని మనవాడు రాత్రిపూట కాలవగట్టు మీద నాలుగు మైళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి, తూము తలుపు ఎత్తి, తన ఊరికి నీళ్ళు వదిలి వచ్చేవాడు. వెళ్ళకపోతే ఊరి చేలు ఎండిపోతాయి.

సైకిలుకి డైనమో లైటు ఉండేది. తొక్కినంతసేపే వెలుగు. కాలు ఆగిందా, ఇక చీకటే.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు. దయ్యాలు మనకి తెలిసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తాయట గానీ రెండుసార్లకి మించి పిలవలేవట. ముందే పలికినవాడు తెల్లారేసరికి రక్తం కక్కుకుని పోతాడట. అలా పోయినవాణ్ణి కళ్ళారా చూసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. అయినా అందరికీ భయమే. భయానికి సాక్ష్యం ఎందుకూ?

తాతబ్బాయికి బుల్లెయ్యని ఒక స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్న స్నేహం. బుల్లెయ్యకి పెళ్ళి కాలేదు. తల్లి అచ్చాయమ్మా, అతనూ, అంతే ఇంట్లో. రాత్రుళ్ళు పొలం కాపలాకి వెళ్ళి పొద్దున్నే వచ్చేవాడు.

ఒక వానాకాలం రాత్రి ఏమైందంటే, తాతబ్బాయి పని ముగించుకుని వచ్చి, వానకి తడుస్తుందని సైకిలు ఇంట్లో పెట్టుకుని పడుకున్నాడు. అప్పుడు బయట నుంచి బుల్లెయ్య గొంతు, "ఒరే తాతబ్బాయీ" అంది. తాతబ్బాయి లేవబోయాడు. పెళ్ళాం చెయ్యి పట్టుకుని, పొలంలో ఉండాల్సిన మనిషి ఈ వేళప్పుడు ఎందుకొస్తాడు, ఆగమంది. కాసేపటికి రెండోసారి వినబడింది. ఆ తర్వాత వాన చప్పుడే. మూడో పిలుపు రాలేదు. హమ్మయ్య, దయ్యమే అనుకుని ఇద్దరూ దుప్పటి కప్పుకున్నారు.

తెల్లారాక తెలిసింది. బుల్లెయ్యని పొలంలో పాము కరిచింది. పట్నం ఆసుపత్రికి నడిచి వెళ్ళబోయి, కాలవగట్టు మీద రెండో మైలురాయి దగ్గర ప్రాణం పోయి పడి ఉన్నాడు. సైకిలు కోసమే వచ్చాడన్నమాట. వాకిట్లో సైకిలు కనబడకపోయేసరికి, తాతబ్బాయి ఇంకా తూము దగ్గరే ఉన్నాడనుకుని వెళ్ళిపోయాడు కాబోలు.

తాతబ్బాయి ఆ పిలుపుల సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం కూడా నోరు కుట్టేసుకుంది. అచ్చాయమ్మ ఎదురొస్తే మాత్రం పక్క సందులోకి తిరిగిపోయేవాడు. పాపం, లోపల్లోపలే ఉడికిపోయేవాడు.

అలా ఏడాది తిరిగింది. బుల్లెయ్య సంవత్సరీకం దగ్గర పడింది. ఒక రాత్రి తాతబ్బాయి తూము దగ్గర పని ముగించుకుని ఒక్కడూ తిరిగి వస్తున్నాడు. చందమామ లేడు. గట్టుకి ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క తాడిచెట్లు. చక్రం ముందు జానెడు వెలుగు. రెండో మైలురాయి దగ్గరికి వచ్చేసరికి కప్పలన్నీ ఒక్కసారిగా ఊరుకున్నాయి. అప్పుడు వెనక నుంచి ఎవరో, "ఒరే తాతబ్బాయీ" అన్నారు.

అతను పలకలేదు. రెండోసారీ వినబడింది. దవడలు బిగబట్టి తొక్కాడు. ఇంటికొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

రెండో రాత్రి అదే చోట, అదే పిలుపు. ఆ తర్వాత సైకిలు వెనక్కి లాగినట్టయింది. క్యారేజీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నంత బరువు. తిరిగి చూడటానికి మెడ రాలేదు. దీపం సన్నబడింది. మైలురాయి దాటి పది బారలు వచ్చాక ఆ బరువు దిగిపోయింది. దిగినప్పుడు క్యారేజీ కిర్రుమన్న చప్పుడు చెవులారా విన్నాడు.

మూడో రాత్రి పెళ్ళాం గడపకి అడ్డం నిలబడింది. ఈ ఒక్క పూటా నీళ్ళు లేకపోతే ఊరు మునిగిపోదంది. నీళ్ళు లేకపోతే మునగదు గానీ ఎండిపోతుందన్నాడు. అప్పుడావిడ ఇనుప ముక్కకి దయ్యాలు జడుస్తాయని, ఒక మేకు తెచ్చి హ్యాండిలుకి కట్టింది. సైకిలంతా ఇనుమేనాయె, దానికి లేని మహిమ ఆ మేకుకి ఎక్కడిదీ? కానీ భయం లెక్క చూసుకోదు కదా.

వెళ్ళాడు. తలుపు ఎత్తి నీళ్ళు వదిలాడు. తిరిగొస్తూ రెండో మైలురాయి చేరాడు. కప్పలు ఊరుకున్నాయి. మొదటి పిలుపు వచ్చింది. కాస్త ఆగి రెండోది వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. అప్పుడతనికి తెలిసింది, తను తొక్కుతూనే మూడోదాని కోసం చెవి ఒగ్గి ఉన్నాడని. ఆ వాన రాత్రి కూడా సరిగ్గా ఇలాగే విన్నాడు. ఇలా వింటూనే ప్రాణంలాంటి వాణ్ణి పోగొట్టుకున్నాడు.

పలికితే చస్తానని తెలుసు. పెళ్ళాం ఒంటరిదైపోతుందనీ తెలుసు. అయినా కాలు ఆపేశాడు. దీపం ఆరిపోయింది.

"ఏరా బుల్లెయ్యా" అన్నాడు.

చాలాసేపు నీళ్ళ చప్పుడు కూడా లేదు. తర్వాత తడి మన్ను మీద అడుగులు, ఒక్కొక్కటే, దగ్గరికి వచ్చాయి. క్యారేజీ కిర్రుమంది. వీపుకి చల్లగా తగిలింది.

"ఇంటికి పోదాం రా" అంది ఆ గొంతు.

అప్పుడు తాతబ్బాయి మళ్ళీ పెడలు తొక్కాడు. వెనక్కి చూడలేదు. రెండు మైళ్ళూ ఏడుస్తూనే తొక్కాడు. తన ఇంటి ముందు నుంచే వెళ్ళాడు గానీ ఆగలేదు. ఊరి చివర అచ్చాయమ్మ గుడిసె ముందు దిగి, సైకిలు పట్టుకునే నిలబడి, "పెద్దమ్మా" అని ఒక్కసారి పిలిచాడు.

ఆ ఒక్క పిలుపుకే తలుపు తెరుచుకుంది. ముసలావిడ దీపం పట్టుకుని నిలబడింది. ఆవిడ అప్పటిదాకా పడుకోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"ఆ రాత్రి వాడు నన్ను రెండుసార్లు పిలిచాడు పెద్దమ్మా. సైకిలు ఇంట్లోనే ఉంది. నేను పలకలేదు" అన్నాడు.

అచ్చాయమ్మ అతన్ని తిట్టలేదు. అతని భుజం మీదుగా ఖాళీ క్యారేజీ వైపు చూసింది.

"నీ దగ్గర్నుంచి ఇక్కడికే వచ్చాడు నాయనా" అంది. "'అమ్మా' అన్నాడు. రెండోసారి నాలుక మడతపడి సగమే వచ్చింది. నేను ఈ తలుపు వెనకే కూర్చుని, మూడోసారి పిలుస్తాడేమో అని చూశాను."

తాతబ్బాయి అక్కడే గడప మీద కూలబడ్డాడు. ఆవిడా పక్కన కూర్చుంది. ఏడాదిగా ఎవరికి వాళ్ళు దాచుకున్న ఏడుపు ఇద్దరూ కలిసి ఏడ్చారు. అప్పుడు క్యారేజీ కిర్రుమంది. ఇద్దరి మధ్య నుంచీ చల్లగాలి ఒకటి గడప దాటి లోపలికి వెళ్ళింది. లోపల నులక మంచం కుయ్యిమంది. అచ్చాయమ్మ లేచి, కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి, ఆ ఖాళీ మంచం మీద దుప్పటి పరిచి, అంచులు లోపలికి దోపింది.

ఆ తర్వాత గట్టు మీద ఎవరూ పిలవలేదు. తాతబ్బాయి రక్తమూ కక్కలేదు, ఏమీ లేదు. మర్నాడు ఊరందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అప్పటి నుంచీ ఆ ఊళ్ళో ఎంత రాత్రయినా, ఎవరు పిలిచినా, మొదటి పిలుపుకే తలుపు తీస్తారు. దయ్యమైతే మాత్రం ఏం, అదీ ఒకప్పుడు ఎవరి కొడుకో అయి ఉంటుంది.

ఇక పడుకో తల్లీ. రాత్రి మెలకువ వచ్చి భయమేస్తే మూడుసార్లు పిలవక్కర్లేదు.

కథ కంచికి,
నువ్వు కునుకుకి,
నేను నీ ఒక్క పిలుపుకి.