నేరేడుకు బడిలో చోటు

గుగ్గిలాల కోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముంగిసలు, ఉడుతలు కలిసిమెలిసి బతికేవి. కలిసిమెలిసి అని వాటికవే చెప్పుకునేవి లెండి. ఆ మాట ఎంతవరకు నిజమో చుక్కమ్మ అనే దుప్పిని అడిగితే తెలుస్తుంది.

చుక్కమ్మకు ఒక్కడే కొడుకు. పేరు నేరేడు. మిలమిలలాడే నల్లటి కళ్ళు, సన్నటి కాళ్ళు. చురుకైనవాడే. కాకపోతే పుట్టుకతోనే చెవులు వినపడవు.

కోనలోని పిల్లలకు వాగు పక్కన పెద్ద బండ మీద ఒక బడి ఉంది. పింఛయ్య అనే నెమలి అక్కడ పంతులు. ఆ బడిలో ముఖ్యమైనది కూతల పాఠం. పంతులు పొట్టిగా కూస్తే పాము వచ్చినట్టు. ఆగి ఆగి కూస్తే రేసుకుక్కలు. పొడుగ్గా సాగదీస్తే చిరుతపులి. ఏ కూతకు ఎటు పరిగెత్తాలో, ఎక్కడ నక్కాలో పిల్లలు నేర్చుకోవాలి. అది రాని పిల్ల అడవిలో ఎక్కువ కాలం బతకదు.

నేరేడును బడిలో చేర్చడానికి చుక్కమ్మ తిరగని గడప లేదు. అడవిలో గడపలుండవు కాబట్టి తిరగని పొద లేదు అనుకోండి. వెళ్ళిన ప్రతిచోటా అదే కథ మొదటి నుంచి చెప్పాలి.

"వాడికి వినపడదు. బుర్ర మాత్రం బాగా పనిచేస్తుంది" అనేది చుక్కమ్మ.

"అయ్యో పాపం!" అనేవారు అందరూ. ఒకరు ఏదో వేరు నూరి పట్టమనేవారు. ఇంకొకరు తేనె చుక్కలు చెవిలో వేయమనేవారు. సలహాలకు కొదవ లేదు. బడిలో చోటు మాత్రం ఎవరూ ఇప్పించలేదు. చెప్పి చెప్పి చుక్కమ్మ నోరు నొప్పి పుట్టింది.

చివరికి పింఛయ్యే విసుగెత్తి ఒప్పుకున్నాడు. నేరేడును అందరికంటే వెనక, ఒక మూల కూర్చోబెట్టాడు. తాను పింఛం విప్పి అటు తిరిగి కూసేవాడు. ఆ మూల నుంచి నేరేడుకు పింఛం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

చుక్కమ్మ రోజూ కొడుకును దిగబెట్టి, సాయంత్రం దాకా బడి పక్కన పొదలోనే నిలబడేది. మేత మేసేది కాదు, కునుకు తీసేది కాదు. పిల్లలందరూ పరుగెత్తినప్పుడు వాడొక్కడే మిగిలిపోతాడేమోనని ఆమె భయం.

ఒకరోజు ధైర్యం చేసి పంతులు దగ్గరికి వెళ్ళింది.

"పంతులుగారూ, కూసే ముందు ఒక్కసారి కాలు నేలకు కొట్టండి. బండ అదిరితే వాడికి తెలుస్తుంది. తల ఎత్తి మీవైపు చూస్తాడు."

"ఏమమ్మా, నా కూత నాలుగు కొండల అవతలికి వినిపిస్తుంది. దానికి ముందు నేను కాళ్ళు తపతప కొట్టుకోవాలా?"

"ఒక్కసారేనండీ."

"ఒక్కడి కోసం ఇంతమందికి పాఠం మార్చమంటావా? బడిలో కూర్చోనిస్తున్నాను కదా, ఇంకేం కావాలి? వానాకాలం చివర పరీక్ష పెడతాను. కూతకు పరుగెత్తకపోతే వాడిని ఎలుగు పెద్దమ్మ గుహకు పంపించేస్తాను."

ఎలుగు పెద్దమ్మ గుహ అంటే చుక్కమ్మకు హడలు. బడికి పనికిరారని తేల్చిన పిల్లలను అక్కడ ఉంచేవారు. చూపు సరిగా ఆనని ముంగిస పిల్ల ఒకటి అప్పటికే అక్కడ ఉంది. పెద్దమ్మ మనసు మంచిదే. తిండి పెట్టేది, పడుకోబెట్టేది. అంతకుమించి ఏమీ నేర్పేది కాదు. గుహ దాటి బయట బతకడం ఆ పిల్లలకు ఎప్పటికీ వచ్చేది కాదు.

ఆ రాత్రి చుక్కమ్మ నిద్రపోతున్న కొడుకు పక్కన కూర్చుని ఏడ్చింది. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు.

పిల్లలకు ఇవేవీ పట్టవు కదా! బడిలో నేరేడు పక్కన దూది అనే కుందేలు పిల్ల కూర్చునేది. దూది ఉత్త వాగుడుకాయ. నేరేడుతో కబుర్లు చెప్పకుండా దానికి కడుపు నిండేది కాదు. నోటితో చెబితే లాభం లేదని వెనక కాలితో బండను టపామని కొట్టేది. నేరేడు తిరిగి చూసేవాడు. ఆ తర్వాత ఇద్దరూ చెవులతో, తోకలతో, కళ్ళతో ఏవేవో చెప్పుకునేవారు. పాముకు ఒక గుర్తు, చిరుతకు ఒక గుర్తు పెట్టుకున్నారు. అది చూసి మిగతా పిల్లలూ నేర్చుకున్నారు. ఆటల్లో కూడా బండ కొట్టడమే, గుర్తులు చెప్పుకోవడమే.

పింఛయ్యకు ఒళ్ళు మండింది. "ఇది బడా, జాతరా? ఎవరి కాలైనా కదిలిందంటే ఊరుకోను!" అని కసిరాడు.

పిల్లలు ఆయన ఎదురుగా మానేశారు. ఆయన అటు తిరగగానే మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంతలో వానలు ముదిరాయి. ఒకరోజు పొద్దుటి నుంచి కుండపోత. వాగు బండ అంచుల దాకా పొంగి, చెవులు చిల్లులు పడేలా హోరెత్తింది. పొదలో చుక్కమ్మ నిలువునా తడిసి, నిద్ర ఆపుకోలేక తూగుతోంది. కళ్ళు తెరిచేసరికి పైనున్న రాళ్ళ మీద ఒక చిరుత పొంచి ఉంది.

పింఛయ్య కూడా చూశాడు. మెడ చాచి, పొడుగ్గా, గొప్పగా కూశాడు. ఆ కూత వాగు హోరులో కలిసిపోయింది. ఒక్క పిల్ల కూడా కదల్లేదు. చుక్కమ్మ గొంతు చించుకుని అరిచింది. అదీ వినిపించలేదు.

దూదికి మాత్రం రాళ్ళవైపు పక్కకు తిరిగి నోరు తెరుచుకుని నిలబడ్డ పంతులు కనిపించాడు. చప్పుడు లేకుండా ఆడుతున్న ఆ ముక్కును చూసి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆయన చూస్తున్న వైపు చూసింది. వెంటనే వెనక కాలితో బండను టపటపా బాదింది.

బండ అదిరింది. పిల్లలందరూ తల ఎత్తారు. దూది చెవులు వెనక్కి వాల్చి చిరుత గుర్తు చూపించింది. అంతే, పిల్లలు కాళ్ళకు పనిచెప్పి ముళ్ళపొదల్లోకి దూరిపోయారు. వాళ్ళ మధ్యలో నేరేడు కూడా ఉన్నాడు. వాడిని చూశాకే చుక్కమ్మకు ఊపిరి ఆడింది.

పింఛయ్య మాత్రం కూత పూర్తి చేసేదాకా కదల్లేదు. ఇంత మంచి కూత వినిపించకపోవడం ఏమిటని మళ్ళీ అందుకున్నాడు. చిరుత పంజా విసిరింది. పంతులు ప్రాణాలతో చెట్టెక్కాడు గానీ, ఆ పొడుగాటి పింఛం మొత్తం చిరుత గోళ్ళలో ఉండిపోయింది.

వాన వెలిశాక తల్లిదండ్రులంతా బండ దగ్గర పోగయ్యారు. నిన్నటిదాకా ముఖం తిప్పుకున్న ఒక అడవిపంది నేరేడును ముద్దు చేసింది.

"ఈ బంగారు కొండ వల్లే కదా మన పిల్లలు బతికారు!"

పింఛం లేని పంతులు కొమ్మ దిగి వచ్చాడు. వెనక బోసిగా ఉందని సిగ్గుపడుతూ చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు.

"రేపటి నుంచి వాడిని ముందు వరుసలో కూర్చోబెడతానమ్మా. బడికి ఇంత మేలు చేశాడు కదా" అన్నాడు.

చుక్కమ్మ సంతోషిస్తుందని అందరూ అనుకున్నారు. ఆమెకు సంతోషించే ఓపిక కూడా లేదు.

"వాడు ఏ మేలూ చేయలేదు పంతులుగారూ. అందరితోపాటు పరుగెత్తాడు, అంతే. ఇవాళ పనికొచ్చాడని చోటిస్తే, రేపు పనికిరాలేదని తీసేస్తారు. ఎవరికీ ఏ మేలూ చేయని రోజు కూడా వాడు అక్కడ కూర్చోవాలి. మీ పిల్లలందరూ అలాగే కూర్చుంటున్నారు కదా!"

అడవిపంది తల వంచుకుంది.

పింఛయ్య మెల్లగా అడిగాడు. "ఆ కాలు ఎలా కొట్టాలో, ఆ గుర్తులేమిటో నాకు చెబుతావా తల్లీ?"

"నన్ను అడక్కండి. వాడినే అడగండి. కనిపించేలా ఎదురుగా నిలబడి అడగండి."

మర్నాడు పంతులు నేరేడు ఎదురుగా నిలబడి, సన్నటి కాలితో బండను కొట్టాడు. చాల్లేదని నేరేడు తల అడ్డంగా ఊపాడు. పంతులు మళ్ళీ కొట్టాడు. పిల్లలు పకపకా నవ్వారు. పంతులు కసరలేదు.

అంతలో నిన్నటి సంగతి విని గుహ నుంచి ఎలుగు పెద్దమ్మ ముంగిస పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, బండ అంచున బెరుగ్గా ఆగింది. చూపు ఆనని ఈ పిల్ల గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలేమోనని పొదలో ఉన్న చుక్కమ్మ నిట్టూర్చి లేవబోయింది.

ఆ అవసరం రాలేదు. పింఛయ్య తానే ముంగిస పిల్ల దగ్గరికి వెళ్ళి వంగాడు.

"నీకు ఎలా చెబితే అందుతుందమ్మా?" అని అడిగాడు.

చుక్కమ్మ ఆ జవాబు వినడానికి ఆగలేదు. పొద దాటి, పచ్చిక దాకా నడిచి, ఎండలో వాలి, హాయిగా నిద్రపోయింది.

నీతి: పనికొస్తాడని చోటివ్వడం కాదు, ప్రతి బిడ్డకూ అందేలా చెప్పడమే చదువు.