లేహ్యానికి కోడి పెట్టిన పరీక్ష

పొగడదుర్గం రాజు రణధీరుడికి ఒకరోజు పొద్దున్నే పంతం పట్టింది. ఏడు రాజ్యాల మల్లులు తలపడే వేగిరేవు కుస్తీల్లో ఈసారి బంగారు గద తన కోటకే రావాలట. రాకపోతే ఏమవుతుందని అడిగే ధైర్యం సభలో ఎవరికుంది గనక!

ఆస్థాన వైద్యుడు భీమాచార్యులు మాత్రం గుండు నిమురుకుంటూ లేచాడు. ఆయన తల మీద వెంట్రుక లేదు గాని, లోపలున్న తెలివి మీద నమ్మకానికి కొదవ లేదు. తాను వజ్రబల లేహ్యం కనిపెట్టానని, రోజూ ఉసిరికాయంత మింగితే మన మల్లుడు ముత్తప్ప ఏనుగునైనా చంకనెత్తుకుంటాడని చెప్పాడు. రాజు పొంగిపోయాడు. లేహ్యం జాడీ ముత్తప్పకి ఇప్పించేశాడు. పైగా ప్రయాణంనాడు తన కళ్లముందే ముత్తప్ప పెద్ద ముద్ద మింగి బయల్దేరాలని ఆజ్ఞ వేశాడు.

ముత్తప్పకి గుండెల్లో రాయి పడింది. వేగిరేవులో ఒక ఆచారం ఉంది మరి. బరిలోకి దిగేముందు ప్రతి మల్లుడి మూత్రంతో జొన్నలు తడిపి, కోడితాత అనే పెద్దాయన తన పుంజుకి వేస్తాడు. పుంజు తిని ఊరుకుంటే సరేసరి. దానికి పిచ్చెత్తిందో, మల్లుడు బలానికి మందు తిన్నట్టే. సగం మీసం గొరిగి, గాడిదమీద ఊరేగించి, మళ్లీ జన్మలో బరి తొక్కనివ్వరు. ఎవరో పెడితే తిన్నాను, నాకేం తెలుసు అంటే కుదరదు. నోరు నీది, మింగింది నువ్వు అంటాడు కోడితాత. అంతే సంగతులు.

ముత్తప్ప జాడీ చంకన పెట్టుకుని చెన్నయ దగ్గరికి పరిగెత్తాడు. చెన్నయ రాజుగారికి తాంబూలం అందించే అడపంవాడు. వక్కని ఎంత సన్నగా కత్తిరిస్తాడో ఎదుటివాడి గొప్పల్నీ అంత సన్నగానే కత్తిరిస్తాడు.

"తినకపోతే రాజు తల తీస్తాడన్నా. తింటే కోడి మీసం తీస్తుంది," అని ఆ కొండంత మనిషి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

చెన్నయకి జాలేసింది. జాడీని తాంబూలాల గదిలో పెట్టించి, నువ్వు సంకటి తిని సాము చేసుకో పో, మిగతాది నేను చూస్తానని పంపేశాడు.

తమాషా ఏమిటంటే, ముత్తప్ప ముట్టకపోయినా జాడీలో లేహ్యం తరిగిపోతోంది. అదే సమయానికి రాజుగారి వాలకమూ మారింది. కొలువులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి తొడ చరిచేవాడు. ఒకనాడు భోజనం మధ్యలో లేచి, స్తంభాన్ని కావలించుకుని, రా చూసుకుందాం అన్నాడు. సంగతి అర్థమై చెన్నయ నవ్వు ఆపుకోలేక చచ్చాడు. కానీ ప్రభూ, తమరు దొంగచాటుగా లేహ్యం నాకుతున్నారు అని రాజు మొహాన చెప్పేవాడెవడు?

అందుకని వేరే దారి తొక్కాడు. పరాయి ఊళ్లో పరువు పోగొట్టుకునేకంటే ముందు మన సభలోనే పరీక్ష చేయిద్దామని రాజుకి చెప్పాడు. రాజు సరేనని కోడితాతకి కబురంపాడు.

ఆ మాట విని ఆచార్యులవారి గుండు మీద చెమట పట్టింది. లేహ్యంలో ఏం కలిపాడో ఆయనకి తెలుసు. దిగాలుగా తాంబూలానికి వచ్చినప్పుడు, చెన్నయ ఆకుకి సున్నం రాస్తూ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఈ రాజ్యంలో మందూ మాకూ అంటని ఒళ్లు ప్రభువుదొక్కటేనని, పాపం మిగతావాళ్లంతా ఏదో ఒకటి మింగేవాళ్లేనని.

ఆచార్యులవారి మొహం వెలిగిపోయింది. రోజూ రాజుగారి మూత్రంలో నూనెచుక్క వేసి ఆరోగ్యం చూసేది ఆయనే.

పరీక్షనాడు సభ కిటకిటలాడింది. ముత్తప్ప చెంబు తెచ్చి పెట్టాడు. అందరూ పుంజుని చూస్తూ ఉండగా ఆచార్యులు ఆ చెంబుని తన పీట కిందికి తోసి, ఉత్తరీయం చాటునుంచి ఇంకోటి ముందుకు జరిపాడు. చెన్నయ చూసీ చూడనట్టు వక్కలు కత్తిరించుకున్నాడు.

తడిపిన జొన్నలు పుంజు టకటకా తినేసింది. రెక్కలు విదిలించింది. కోడితాత తలపాగా తన్నేసింది. సింహాసనమెక్కి కూసింది. అక్కణ్నించి ఆచార్యులవారి నున్నటి గుండులో తన నీడ చూసుకుని, ఎవడ్రా నువ్వు అన్నట్టు దాని మీదికే దూకింది.

రాజు మండిపడ్డాడు. మంగలి కత్తి నూరాడు. ముత్తప్ప రెండు చేతులా మీసం మూసుకున్నాడు.

"ప్రభూ, తిన్నవాడికి సగం మీసమైతే, తినిపించినవాడికి మొత్తం తీయడం న్యాయం కదా," అన్నాడు చెన్నయ.

రాజు తలూపాడు. మంగలి ఆచార్యులవైపు తిరిగాడు. తల మీద ఎలాగూ లేదు, ఉన్న ఆ కాస్త మీసమూ పోతుందనేసరికి ఆయన అరిచేశాడు.

"ఆ చెంబు ముత్తప్పది కాదు, నేనే మార్చాను!"

"మరి ఎవరిదండీ?" అన్నాడు చెన్నయ.

ఆచార్యులు సింహాసనంవైపు చూశాడు. "ప్రభువులది. పొద్దున నూనెచుక్క కోసం ఇచ్చినది."

మంగలి కత్తి పట్టుకుని అయోమయంగా రాజుగారి మీసంవైపు చూశాడు. రాజు దగ్గాడు. పైకప్పు దూలాల మీది పావురాల్ని చూశాడు. చివరికి గొంతు తగ్గించి, ఇప్పుడెలా అని చెన్నయని అడిగాడు.

"నియమం బరిలో దిగే మల్లులకే ప్రభూ. స్తంభంతో కుస్తీ లెక్కలోకి రాదు."

ముందు రాజే నవ్వాడు. తర్వాత సభంతా పొట్టలు పట్టుకుంది. చెన్నయ పీట కింది చెంబు బయటికి తీసి ఇచ్చాడు. కోడితాత పుంజుని చన్నీళ్లలో ముంచి, అది కుదుటపడ్డాక ఆ జొన్నలు వేశాడు. పుంజు తిని, ఒంటికాలి మీద నిలబడి కునుకు తీసింది. ముత్తప్ప మీసం నిలబడింది. ఆచార్యులవారిది నిలబడలేదు.

రాజు తన ముత్యాలహారం తీసి చెన్నయ మెడలో వేశాడు. సంకటి తప్ప ముత్తప్పకి ఎవరూ ఏమీ పెట్టరాదని చాటించి, మిగిలిన లేహ్యం కందకంలో పారబోసి రమ్మన్నాడు.

చెన్నయ జాడీ తెచ్చి నిండుసభలో బోర్లించాడు. ఒక్క బొట్టు రాలలేదు.