గుల్ల చూసి ఇల్లు చెప్పిన నూకాలు

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా పారాడుతున్న రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట. ఆ పేటలో నూకాలని ఒక ముసలమ్మ. నా అన్నవాళ్లు లేరు. ఒడ్డు వెంట గుల్లలేరి, సున్నం బట్టీకి మోసి, వాళ్లిచ్చిన గింజలతో గంజి కాచుకునేది. ఏరి ఏరి గుల్లలన్నీ ఆమెకి చుట్టాలైపోయాయి. ఏ గుల్ల చూపించినా దాని ఇల్లెక్కడో చెప్పేసేది. "దీనికి పనీపాటా లేదర్రా!" అని పేటంతా నవ్వేది. నవ్వితే నవ్వనీ అని నూకాలూ నవ్వేది.

ఒకసారి గాలివాన కొట్టింది. పడవ మీద వెళ్లిన ముగ్గురు మగాళ్లు తిరిగి రాలేదు. ఒకరోజు చూశారు, రెండ్రోజులు చూశారు, మూడోరోజు ఆ పడవ పలక ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పేటంతా గొల్లుమంది.

ఆ పేటలో ఒక ఆచారం. పలక వచ్చిందంటే పడవ పోయినట్టే. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి గంగమ్మకి సాగనంపుతారు. ఆపైన వెతకడం ఉండదు. ఆడవాళ్లు గాజులు తీసెయ్యాల్సిందే.

కులపెద్ద గరికయ్య పసుపు గిన్నె పట్టుకొచ్చాడు. పోయినవాళ్లలో అతని కొడుకూ ఉన్నాడు. ఆ ముగ్గురి పెళ్లాలు చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డారు. నూకాలు జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. తన మొగుడి పలకనీ ఇలాగే సాగనంపారు. అప్పుడు నోరెత్తలేదు. ఈసారి వంగి చూసింది. పలక సందులో మిరియపు గింజంతేసి నత్తలు మూడు!

"ఆగు పెద్దయ్యా! పసుపు రాయకు!"

"ఏటే ముసలీ, ఇప్పుడా నీ గుల్లల గోల?"

"ఇసకలో నత్తయితే గుల్ల నున్నగా, పల్చగా ఉంటాది. బురదలోదైతే సన్నగా, పొడుగ్గా ఉంటాది. ఇది చూడు! గుండ్రంగా, మందంగా, వీపు మీద తెల్లచార. అల తుంపర పడే బండ మీద బతికేది. నడిసంద్రంలో ఆ గువ్వల బండ నుంచి మనోళ్లు తెచ్చిన గుల్లల్లో తప్ప ఈ తెల్లచార నేనెక్కడా చూళ్లేదు. పలక అక్కడ ఆగింది. మరి మనుషులాగరా?"

"కాకపోతే?"

"కాకపోతే రేపు రాద్దువు. పసుపెక్కడికి పోద్ది?"

గరికయ్య ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఈలోగా ఆ ముగ్గురాడవాళ్లూ ఒడ్డునున్న పడవనొకదాన్ని నీళ్లలోకి తోసేశారు. అది చూసి గిన్నె కింద పెట్టి తనూ తెడ్డందుకున్నాడు.

పొద్దు వాలేసరికి గువ్వల బండ నుంచి పడవ తిరిగొచ్చింది. పెదాలు పగిలి, కళ్లు లోతుకుపోయి, పోయారనుకున్న ముగ్గురూ దిగారు. బతికే ఉన్నారర్రా, ముగ్గురూనూ!

గరికయ్య నూకాలు కాళ్ల మీద పడ్డాడు. "నిన్ను చూసి నవ్వాం తల్లీ. ఏం కావాలో అడుగు. చీరా? పాకా? ఏడాది గింజలా?"

"ఆ మూడు నత్తల్నీ వాటి బండకి చేర్చు నాయనా. దారి చూపింది అవే కదా."

గరికయ్య వాటిని తడిగుడ్డలో పెట్టుకుని తనే వెళ్లి దింపొచ్చాడు. నూకాలు బతికినన్నాళ్లూ మూడిళ్ల నుంచీ ఆమెకి కూడు వచ్చింది.

ఆమె పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. కానీ ఆ పేట ఒడ్డుకి పలక కొట్టుకొస్తే, ఇప్పటికీ కులపెద్ద ముందు అడిగే మాట ఒకటే. "నూకాలమ్మ చూసిందా?"

అప్పుడు నూకాలు బదులు పేటలోకెల్లా ముసలామె ముందుకొచ్చి, గుల్లల కోసం పలక సందులన్నీ వెతుకుతుంది. ఆమె లేచి, ఇక ఆశ లేదని తలూపేదాకా ఏ ఇల్లాలి గాజుల మీదా ఎవరూ చెయ్యి వెయ్యరు.