సందు లేని కాఫీపొడి పరుపు

దీపాలు పెట్టే వేళ. వాన ఇప్పుడే తెరిపిచ్చింది. సరిగ్గా ఇలాంటి వేళే, పిల్లలూ, అనగనగా ఒక కొండకింద ఊళ్ళో మస్తానమ్మ దూది ఏకుతూ కూచుంది. పరుపులు కుట్టే ఇంట పుట్టిన పిల్ల. మాట తక్కువ, చెయ్యి చురుకు.

ఆమె మొగుడు నాగూరు. అతగాడు సంతలో ఓ రాగి కాఫీ యంత్రం కొనుక్కొచ్చాడు. పెద్ద రాగి కడుపు, దానికో మూత, పక్కన పొడి నింపే పిడిగిన్నె. కొన్నాడు సరే, కడుపులో ఎవరున్నారో చూసుకోవద్దూ? ఆవిరి దెయ్యం ఉంది. ఊ కొడుతున్నారా?

నాగూరు గిన్నెలో పొడి కుప్పగా పోసి, ఒక పక్కకి అదిమేసి, నిప్పు రాజేశాడు. దెయ్యం బుసకొట్టుకుంటూ లేచింది. పలచగా ఉన్న పక్క కనిపెట్టింది.

"సందు దొరికింది, సర్రున జారా. పొడిపరుపు బాగోలేదు, పట్టుకుపోతా."

కప్పులో చూస్తే పుల్లటి నీళ్ళు. పీటమీద చూస్తే నాగూరు లేడు. రాగి కడుపులోంచి మాత్రం, "మస్తానూ, ఇక్కడ ఉక్కగా ఉందే" అని వినబడింది.

అత్త హుసేనమ్మ ఊరుకుంటుందా? కొడుకుని తనే విడిపిస్తానంటూ మనవరాలు చాందిని చంకనేసుకుని కూచుంది. పొడి తిన్నగానే అదిమింది. అదిమాక, అంచుకంటిన పొడి రాలాలని గిన్నెని గట్టుకేసి ఠంగుమని కొట్టింది. లోపల పొడి బీటలిచ్చింది. దెయ్యం లేచింది. సందు దొరికింది, సర్రున జారా. అత్తా లేదు, చాందీ లేదు.

మస్తానమ్మ మూత ఊడబీకబోతే చెయ్యి చురుక్కుమంది. లోపల్నుంచి చాంది "అమ్మా" అంది. ఒక్కసారే అంది.

ఏం కావాలని మస్తానమ్మ దెయ్యాన్నే అడిగింది. పుట్టిందగ్గర్నుంచీ దానికి కునుకు లేదట. ఉండల్లేని, పల్లాల్లేని, సందుల్లేని కాఫీపొడి పరుపు పరిస్తే అందర్నీ వదిలేస్తానంది. డబ్బాలో చూస్తే పొడి ఒక్క గిన్నెకే మిగిలింది.

కాఫీకి నిద్రేంటంటావా? దెయ్యాలకి అన్నీ తలకిందులేరా. ఊ కొట్టు.

పరుపు మాట చెవినపడగానే మస్తానమ్మ కొంగు బిగించింది. అది పుట్టింటి పని. గుప్పెడు సన్నసూదులు ఓ బెండుముక్కకి గుచ్చి, పొడిని అడుగునుంచి చుట్టూ తిప్పుతూ దూది ఏకినట్టు ఏకింది. ఉండ విడిపోయి పొడైంది, పొడి జరిగి పల్లంలో పడింది, పల్లం నిండి మట్టమైంది, మట్టం మీద పొడి అదిమే ఇత్తడి గుండు నిలిచింది. చెయ్యి నిటారుగా పెట్టి ఒక్క అదుము. కొట్టలేదు, కుదపలేదు. అంచు వేలితో తుడిచింది.

దెయ్యం లేచింది. ఈ పక్క వెతికింది, సందు లేదు. ఆ పక్క వెతికింది, సందు లేదు. ఇక చేసేది లేక నడుం వాల్చింది. ఎలకతోకంత సన్నంగా, తేనెలా చిక్కగా కాఫీ దిగింది, మీద బంగారు నురగతో. దెయ్యం ఆవులించింది. గుర్రు. మూత దానంతటదే లేచింది.

చెమటతో తడిసి ముందు అత్త బయటికొచ్చింది. "మీ పుట్టింటోళ్ళకి పరుపులు తప్ప ఏం తెలుసనుకున్నా గదే."

"నెమ్మదిగా అత్తా, అది లేస్తుంది." అత్త వెనకే నాగూరూ, చాందీ దిగారు.

అంచేత పిల్లలూ, ఎంత కంగారున్నా ముందు అడుగు సర్దుకోవాలి.

దెయ్యం పరుపెక్కింది, కథ కొండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి. మస్తానమ్మ మాత్రం చల్లారే కాఫీ పక్కన కూచుని వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. అత్త వచ్చింది. ఆయన వచ్చాడు. చాంది వచ్చింది. మళ్ళీ మొదట్నుంచి. అత్త. ఆయన. చాంది.