ముళ్లపంది గుడిసెలో ఆరిన పొయ్యి

మూడు వాగులు దాటి, ఎవరూ పనిగట్టుకుని పోని కొండ మీద జోగన్న అనే ముళ్లపందికి ఒక గుడిసె ఉండేది. వెదురు తడికలు, ఎర్రమట్టి గోడలు, గడ్డి కప్పు, అంతే. లోపల ఇద్దరు పడుకుంటే మూడోవాడు నిలబడాల్సిందే. వెదుళ్లు జోగన్న కొరికి తెచ్చాడు, గోడలు అతని భార్య మెత్తింది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె చేతులు తిరిగిన గోడల్ని వదిలి పోబుద్ధి కాక, ముసలాడు అక్కడే దుంపలు ఉడకేసుకు తింటూ ఉండిపోయాడు. పొద్దునా సాయంత్రం పొయ్యి మాత్రం తప్పకుండా రాజేసేవాడు, వండడానికి ఏమీ లేకపోయినా సరే.

ఆ గుడిసె మీద బుచ్చిలింగం అనే నక్క కన్ను పడింది. వానాకాలం దగ్గరికొస్తోంది, తన బొరియలోకి ఏటా నీళ్లొస్తాయి. కొత్తది కట్టుకోవచ్చు కదా అంటారా? ఒళ్లు వంచే అలవాటు ఆ వంశంలోనే లేదు. పోనీ కొట్లాడి లాక్కుందామా అంటే జోగన్న ఒంటినిండా ముళ్లు.

అందుకని, ఎప్పుడో వాగులో కొట్టుకొచ్చిన ఖాళీ తూటా గొట్టం ఒకటి నోట కరుచుకుని, అడవికి పెద్దగా ఉంటున్న ముసలి దుప్పి దగ్గరికి పోయాడు. వేటగాళ్లు కొండ కింద దాకా వచ్చారనీ, జోగన్న ఇంటి పొగ చూసే వచ్చారనీ, ఇవాళ కాకపోతే రేపు అందరి ప్రాణాలకీ ముప్పేననీ చెప్పాడు. దుప్పి తమ్ముడు చచ్చింది తుపాకీ దెబ్బకే. ఆ గొట్టం చూడగానే పెద్దాయన ఇంకేమీ అడక్కుండా అందర్నీ పిలిపించాడు.

పంచాయితీ పెట్టారు. జోగన్న పొయ్యి ఆర్పేయాలి, లేదా గుడిసె వదిలి పోవాలన్నారు.

"పొయ్యి నా కోసం కాదు పెద్దాయనా," అన్నాడు జోగన్న. "ఆ పొగ కప్పుకి పట్టబట్టే వాసాలకి చెద పట్టలేదు. పొగ ఆగితే ఈ వానాకాలం దాటదు ఆ గుడిసె. అది కూలుతుంటే కూర్చుని చూడలేను."

ఇల్లు వదల్లేక ముసలాడు ఎన్ని చెబుతున్నాడో చూడండని బుచ్చిలింగం నవ్వాడు. భయపడ్డవాళ్లు కూడా నవ్వారు. జోగన్న ఇంకో మాట అనకుండా ఇంటికి పోయి, పొయ్యిలో నీళ్లు పోసి, గోడని ఒకసారి తడిమి, ఏడుస్తూ కొండ దిగాడు. అక్కడ ఎవరూ నిప్పు పెట్టకుండా తను కాపలా కాస్తానని చెప్పి, బుచ్చిలింగం ఆ సాయంత్రమే గుడిసెలో చేరాడు.

నెల రోజులు హాయిగా పడుకున్నాడు. ఒకనాడు ముక్కు మీద సన్నటి మట్టి రాలింది. తలెత్తి చూస్తే వాసాల పొడుగునా చెద మట్టి. పరుగున దుప్పి దగ్గరికి పోయాడు. రోజుకొక్క పూట పొయ్యి రాజేసుకోనివ్వమని బతిమాలాడు.

"మరి వేటగాళ్లో?" అన్నాడు దుప్పి.

"వాళ్లు ఇంక రారులెండి."

"రారని నీకెలా తెలుసు?"

తెలుసంటే గొట్టం కథ బయటపడి గుడిసె పోతుంది. తెలీదంటే పొయ్యి వెలగదు. బుచ్చిలింగం తోక ముడుచుకుని వెనక్కి పోయాడు.

మొదటి పెద్దవానకే కప్పు కూలింది. ఆ రోజు గాలి కూడా లేదు. కప్పుని మోసే మధ్య నిట్రాడు మీద పడి బుచ్చిలింగం వెనక్కాలు విరిగింది. అరుపులు విని వచ్చిన దుప్పి కొమ్ములతో దాన్ని పక్కకి నెట్టాడు. ఆ నొప్పిలో నక్క నిజమంతా కక్కేశాడు.

దుప్పి సిగ్గుపడుతూ జోగన్నని వెతుక్కుంటూ పోయాడు. అవతలి కొండలో ఒక బండ కింద ఉన్నాడు ముసలాడు. జరిగింది చెప్పి, తప్పు తమదేననీ, అందరం కలిసి మళ్లీ కట్టిస్తామనీ అన్నాడు పెద్దాయన.

"మరి గోడలేమయ్యాయి?" అని అడిగాడు జోగన్న.

"వానకి కరిగిపోయాయి, జోగన్నా."

"వెదుళ్లంటే మళ్లీ కొరుకుతాను పెద్దాయనా. ఆ గోడలు ఎవరు మెత్తుతారు?"

బుచ్చిలింగం ఆ వానాకాలమంతా కుంటుకుంటూ చెట్టు చెట్టు కిందా తడిశాడు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు.

అబద్ధమాడి లాక్కున్న ఇంట్లో, ఆ అబద్ధానికి లోబడే బతకాలి.